మాంసం కొట్టు అద్దంలో నా నవ్వు

మోసీ మాంసం కొట్టు అద్దంలో నేను నవ్వుతున్నాను. ఒళ్లో చిప్స్ పొట్లం, వెనక లీ నది, మెడకు నల్ల టై. ఊడిన పన్ను సందు కూడా కనబడేంత నవ్వు.

కార్క్ నగరంలో రోజువారీ బతుకును ఫొటోలు తీసే గ్రాన్యా అనే పిల్ల, షాండన్ వీధి కొట్ల కిటికీ అద్దాల్లో తలా ఒక ఫొటో పెట్టింది. కొన్నిట్లో బస్సు కోసం నిలబడ్డ ముసలమ్మలు, బొగ్గు మోసేవాళ్లు. నేను మోసీ వంతుకు వచ్చాను. కింద తేదీ కూడా వేసింది. నా ప్రాణం తీసింది ఆ తేదీయే. ఆ రోజు నా భార్య కార్మెల్ పోయి నెలైనందుకు చర్చిలో పూజ. ఫ్లూ అని చెప్పి నేను వెళ్లలేదు.

కార్మెల్ అక్క నూలా ప్రతి శుక్రవారం సాసేజీలు కొనేది ఈ కొట్లోనే. ఇవాళ శుక్రవారం.

"తీసెయ్," అన్నాను మోసీతో.

"ఎందుకోయ్ టైగ్? జనం ఆగి మరీ చూస్తున్నారు. నువ్వు నవ్వడం వింతేగా."

గ్రాన్యా లోపలే ఉంది. "ఏం పెద్దాయనా, బాగా రాలేదా?"

"బాగానే వచ్చింది. అదే గొడవ. నన్ను అడిగి తీశావా?"

"అడిగితే ఆ నవ్వు మిగిలేదా?"

నిజానికి ఆ రోజు టై కట్టుకుని చర్చి మెట్ల దాకా వెళ్లాను. లోపల అందరూ వరసగా వచ్చి చెయ్యి కలుపుతారు. "నీ కష్టానికి విచారిస్తున్నాం" అంటారు. కార్మెల్ జబ్బుతో మంచం మీద ఉన్నన్నాళ్లూ గడప తొక్కనివాళ్లు. వాళ్లకు చెయ్యి ఇవ్వబుద్ధి కాలేదు. నది ఒడ్డుకు నడిచాను. ఆకలేసి చిప్స్ కొనుక్కుని కూర్చున్నాను. పక్కన నిలబడ్డ పోలీసు చేతిలోని వేపుడు చేపను ఒక సముద్రపు కాకి ఎగరేసుకుపోయింది. అంతే. నవ్వేశాను.

నూలా అద్దం ముందు ఆగింది. చాలాసేపు చూసింది. లోపలికి వచ్చి అరకిలో సాసేజీలు తూచమంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఫ్లూ తగ్గిందా?"

"తగ్గింది వదినా."

"నల్ల టై కట్టుకుని చిప్స్ తింటే తగ్గుతుందని నాకు తెలీదు."

మోసీ కత్తి నూరడం మొదలుపెట్టాడు.

"ఎందాకా వచ్చావు ఆ రోజు?"

"మెట్ల దాకా."

"నీ బదులు వాకిట్లో నిలబడి వచ్చినవాళ్లందరికీ నేనే చెయ్యి ఇచ్చాను. ఈ భుజం ఇంకా సలుపుతూనే ఉంది."

ఆ చేతులు తప్పించుకున్నానని మాత్రమే అనుకున్నాను. అవి ఎవరి మీద పడ్డాయో ఆలోచించలేదు. మోసీ నేల మీద చల్లిన రంపపు పొట్టు చూస్తూ నిలబడ్డాను.

"అమ్మాయ్, ఈ పటం నాకు కావాలి," అంది నూలా, గ్రాన్యాతో.

"చింపెయ్యడానికా వదినా?" అన్నాను.

"మా ఆయన నవ్వితే బాగుంటాడక్కా అనేది కార్మెల్. మొగుణ్ని వెనకేసుకొస్తోంది అనుకునేదాన్ని."

ఇప్పుడది నూలా వంటింట్లో, యేసు తిరుహృదయం పటం కింద ఉంది. ఆదివారం భోజనానికి నన్ను పిలుస్తుంది. నా కుర్చీ సరిగ్గా దానికి ఎదురుగా వేస్తుంది. ఒకసారి పక్కకు జరుపుకున్నాను. నూలా లేచి, మళ్లీ ఎదురుగా పెట్టింది.

బంగాళాదుంపల వైపు చూస్తూ తింటాను.