గాలి పట్టిన పంపు

నేను ఒక మంచినీళ్ల పంపును. ఎటు చూసినా ఉప్పునీళ్లే ఉన్న చోట మంచినీళ్లు ఇవ్వడం నా ఉద్యోగం. నా పని చూసి సముద్రం నవ్వుకుంటుందని నాకో అనుమానం. లేకపోతే రోజంతా పడవ అడుగున ఆ గలగల ఏమిటి?

పుట్టింది కోయంబత్తూరులో. కుళాయి విప్పితే గుర్రుమంటాను, కట్టేస్తే ఊరుకుంటాను. నా మొదటి కొలువు ఒక సినిమా హీరోగారి కారవాన్‌లో. ఆయన కెమెరా ముందు వరద గోదావరి ఈదేసి వచ్చేవారు, మొహం కడుక్కోవడానికి మాత్రం నేను కావాలి. సినిమాలు వరసగా పోయేసరికి కారవాన్ అమ్ముడుపోయింది, నేను విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్టుకి చేరాను. అక్కడ పేర్రాజు గారు నన్ను చెవి దగ్గర పెట్టుకుని, కొబ్బరికాయని ఊపినట్టు ఊపి చూసి కొన్నారు. పంపుని అలా ఎవరూ కొనరు. ఆ సంగతి ఆయనకి తెలియదు.

పేర్రాజు గారు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తోటి మేష్టర్లందరూ ఫ్లాట్లు కొనుక్కుంటుంటే ఈయన ఒక పాత తెరచాప పడవ కొన్నారు; నన్ను బిగించింది అందులోనే. దాని మీద ఆయనకి ఎంత ప్రేమంటే, రేవులో కట్టేసి ఉన్నప్పుడు కూడా వచ్చి ఊరికే కూర్చునేవారు. భార్య మాణిక్యాంబ గారికి మాత్రం అది కంట్లో నలుసు. చివరికి ఒక షరతు పెట్టారు.

"కాకినాడ దాకా వస్తాను. దారిలో మంచినీళ్లతో స్నానం చేయగలిగితే పడవ ఉంచుకోండి. ఉప్పునీళ్లు పోసుకోవాల్సి వస్తే మాత్రం దిగగానే అమ్మెయ్యాలి."

పేర్రాజు గారు సరేనన్నారు. అంటే ఆయన ప్రాణాన్ని తీసుకొచ్చి నా మెడకి కట్టారన్నమాట. నన్నొక్క మాట అడిగినవాళ్లు లేరు.

పడవ ఎక్కగానే మాణిక్యాంబ గారు నీళ్ల ట్యాంకు మూత తీసి, ప్లాస్టిక్ వాసనని ముక్కు చిట్లించి, ఇంటి నుంచి తెచ్చిన వట్టివేళ్ల కట్ట అందులో వేసేశారు. ఎండాకాలం మంచినీళ్ల కుండలో వేస్తారే, అలాగ. ఎవరికీ చెప్పలేదు. అది చెప్పాల్సిన విషయమని ఆవిడకి తోచనూ లేదు. కానీ కుండకి పంపు ఉండదు. నాకేమో నీళ్లొచ్చే దారిలో ఒక చిన్న జల్లెడ ఉంటుంది. అలల కుదుపుకి కట్ట విడిపోయింది. పూడిమడక దాటేసరికి ఆ పీచంతా వచ్చి జల్లెడకి అడ్డం పడింది.

మాణిక్యాంబ గారు భుజాన తువ్వాలు వేసుకుని కుళాయి తిప్పారు. నేను గుర్రుమన్నాను. కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఆవిడ భర్త వైపు ఒక చూపు చూసి, తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

పేర్రాజు గారు ట్యాంకు తట్టి చూశారు, నిండుగా ఉంది. బ్యాటరీ చూశారు, బాగానే ఉంది. ఆవిడ తమ్ముడు రంగబాబు స్పానర్ తీసుకుని నా నెత్తి మీద ఒక్కటిచ్చాడు. ఇంట్లో మిక్సీ బాగుచేస్తుంటే పక్కన నిలబడి చూసిన అనుభవం ఉందని, పనికొస్తాడని వెంట తెచ్చుకున్నారు.

"కొడితే తిరుగుతుంది బావా."

"తిరుగుతూనే ఉందిరా. నీళ్లే రావట్లేదు."

ఇక లాభం లేదని విశాఖలో ఉన్న మెకానిక్ నూకరాజుకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టారు.

"మరేటీ నేదు సార్, పంపుకి గాలి పట్టేసినట్టుంది. ముందా గాలి ఒగ్గించండి," అన్నాడతను. అంతలో సిగ్నల్ పోయింది.

పంపులో గాలి చేరితే నీళ్లు ఎక్కవు, దాన్ని బయటికి వదలమనే అతనన్నది. మాణిక్యాంబ గారు మాత్రం గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "నేను అనుకుంటూనే ఉన్నానండీ. రేవు దాటాక ఆ కొండ పక్క నుంచి వస్తున్నప్పుడే నాకు ఒళ్లు జలదరించింది. పాపం, నోరులేనిది, దీనికి దయ్యం గాలి సోకింది."

ఇన్నేళ్లలో నన్ను చూసి పాపం అన్న మొదటి మనిషి ఆవిడే. అపార్థం చేసుకుంటే చేసుకున్నారు గానీ, నాకు కళ్లు చెమర్చాయి. ఆ నీళ్లని కూడా పైకి పంపలేకపోయాను.

"అది ఆ గాలి కాదే మాణిక్యం," అని మొదలుపెట్టారు పేర్రాజు గారు.

"మీకేం తెలుసు? లెక్కల్లో చెప్తారా ఇవన్నీ? ఆ మూల నక్కిన దానికి ఎలా దిగదుడవను? ఊడదీసి బయటికి తెండి."

ఆయన నోరు మూసుకుని మరలు విప్పారు. గొట్టం లాగారు. జల్లెడ మూత ఊడి, గుప్పెడు వట్టివేళ్ల పీచు ఆయన చేతిలో పడింది.

రంగబాబు "అక్కా, ఇది నీ…" అనబోయాడు. పేర్రాజు గారు వాడి కాలు తొక్కి, పీచు జేబులో కుక్కేశారు. నీళ్లు ఆగింది ఆవిడ వల్లేనని తేలితే, పడవతో పాటు ఆయన్ని కూడా అమ్మేస్తారని భయం.

ఇవేవీ గమనించకుండా మాణిక్యాంబ గారు ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి, నా చుట్టూ ముమ్మారు తిప్పి సముద్రంలోకి విసిరేశారు. పేర్రాజు గారు నన్ను మళ్లీ బిగించారు. కుళాయి విప్పగానే నీళ్లు బుస్సున దూకాయి.

ఆవిడ తలారా స్నానం చేసి, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని పైకొచ్చారు. పేర్రాజు గారు పరీక్ష రాసిన పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మరి పడవ సంగతి?" అన్నారు మెల్లగా.

"అమ్ముకోండి, నాకేం. కానీ కొనేవాళ్లకి దిగదుడవడం వచ్చో రాదో ముందు కనుక్కోండి. రానివాళ్ల చేతిలో దీన్నెలా పెడతాం?"

అప్పటి నుంచి ఎవరు బేరానికొచ్చినా పేర్రాజు గారు మొదట ఆ ప్రశ్నే అడుగుతున్నారు. చాలామంది నవ్వేసి వెళ్లిపోతారు. మొన్న ఒకాయన వచ్చని చెబితే, ఉప్పూ మిరపకాయలూ చేతికిచ్చి, నా ముందు కూర్చోబెట్టి, ఆయన తిప్పిందంతా శ్రద్ధగా చూసి, ఎడమ నుంచి తిప్పారని పరీక్ష తప్పించేశారు.