జ్ఞాపకార్థపు బేసుగిటారు

చైత్రమాసాపరాహ్ణ చండకిరణ సంతప్తమై విపణివాటికలఁ గొండలుగాఁ బోసిన యెండుమిరపకాయల ఘాటు వడగాడ్పుతోఁ గలసి వీధివీధిని విహరింపఁగాఁ ద్రోవను బోవు ప్రతివాఁడును దుఃఖకారణ మేమియు లేకయే కన్నులు తుడిచికొనుచుండెడి గుంటూరు నగరమున, రైలుపట్టాల కావలిప్రక్క సుధాధవళ కుడ్యశోభితమైన యొక ప్రార్థనామందిరము గలదు. ఆ మందిరమున దాత పేరు లేని వస్తువు కానరాదు. బల్లల వీఁపులమీఁదను గోడగడియారముమీఁదను తుదకుఁ దిరుగునపుడు మానవమాత్రుఁ డెవ్వఁడును జదువఁజాలని పంకారెక్కలమీఁదను సైతము పరలోకగతులైన పెద్దల నామధేయములు "జ్ఞాపకార్థము" అను మాటతోఁ గూడి యెఱ్ఱని యక్షరములతో వ్రాయఁబడియుండెను. చనిపోయినవారి పేర నిచ్చు వస్తువు క్రొత్తది కావలెను, మిలమిల మెఱయవలెను, తెల్లని గుడ్డ కప్పుకొని వేదికముందఱికి రావలెను. పాతవస్తువు నిచ్చుట మృతుని నవమానించుటయే యని యా సంఘమువారి నమ్మకము.

ఆ మందిరమున ముప్పది యేండ్లుగా బేసుగిటారు వాయించువాఁడు జకరయ్య. పగలెల్లఁ బొగాకు గోదాములోఁ బని చేసి సాయంకాలము చేతులు కడిగికొని పాటల సాధనకు వచ్చెడివాఁడు. బేసుగిటారనఁగా నాలుగు లావుతీఁగలు గల విద్యుద్వాద్యము. పాట క్రింద మంద్రస్థాయిని మ్రోయుచు దానిని నిలువఁబెట్టునది. పాడినవారిని మెచ్చుకొనుటకును డ్రమ్ములు వాయించిన పడుచువానిని భుజము తట్టుటకును ప్రతి యాదివారమును పదిమంది గుమిగూడెడివారు కాని జకరయ్యను బాగుగా వాయించితివని యనిన పాపమునఁ బోయినవాఁ డొక్కఁడును లేఁడు. అతని వాద్యమును నట్టిదే. ఏదో పెండ్లి బ్యాండువాఁడు వదలిపోయిన చెక్కపేళ్ళ గిటారది. మీటినపుడెల్లఁ దడిసిన తట్టను దట్టినట్టు మొద్దుగాఁ బలికెడిది. సంఘమువారు తన్ను వినకపోవుట తన లోపము గాదనియు నా చెక్క లోపమే యనియు నతఁడు గట్టిగా నమ్మియుండెను. మంచి వాద్య మొక్కటి చేతికి వచ్చిన నాఁడు కూర్చున్నవారందఱును దలలెత్తి తనవంకఁ జూతు రనునదియే యతని జీవితమున మిగిలియున్న యాశ. ఆశ చిన్నది గావచ్చును, దానిని మోయుట మాత్రము చిన్నపని గాదు.

అట్టియెడ రోడ్లు వేయించు గుత్తదారుఁడును సంఘమున గట్టి చేయి గలవాఁడును నైన విజయపాలు, క్రిందటి యేఁడు స్వర్గస్థుఁడైన తన తండ్రి యాశీర్వాదము మాస్టరుగారి పేర నీస్టరు పండుగకు మందిరమున కొక బేసుగిటారు నర్పింప నిశ్చయించి జకరయ్యను బిలిపించెను.

"బాబాయ్, దీని సంగతి మాకెవరికీ తెలవదు. నువ్వే వెళ్ళి నీకు నచ్చింది ఎంచుకొని రా. నాన్నకి పాతకాలప్పాటలంటే ప్రాణం. ఆ కాలం మోడలైతే ఆయన పేరుకి తగ్గట్టుంటది," అనెను.

మెతుకునకు మొగము వాచినవానికి విందుపిలుపు వచ్చినట్లయ్యెను. మఱునాఁటి యుదయపు రైలున జకరయ్య సికిందరాబాదు చేరి, వాద్యవిపణి తలుపులు తెఱచుటకు మున్నే గడపయొద్ద నిలిచియుండెను. లోపల నిటీవలి ఫ్యాషను గిటారులు గోడనిండ వ్రేలాడుచుండెను. కొన్ని కొమ్ములు సాఁచినవి, కొన్ని విమానపు మరవలె నన్నియుఁ గీలలే. వానిని దాఁటి పాతకాలపు పోలిక గలవానిని గోరఁగా నంగడివాఁడు లోనికిఁ బోయి జోడు గిటారులఁ దెచ్చి బల్లమీఁదఁ బెట్టెను. రెండును నొకే పనివారు చేసినవి. ఒకే కొయ్య, ఒకే తీఁగలు. తొలిదాని మేను నేరేడుపండు నిగ్గుతో మొగము చూచుకొనఁదగినట్లు తళతళలాడుచుండెను. రెండవదాని యంచున, వాయించువాని ముంజేయి యానెడి చోటఁ, బూఁత యరిగి కొయ్య బయటఁబడియుండెను. మెడవెనుక బొటనవ్రేలు జాఱుచోటు నలుపెక్కియుండెను. లోహపు బిళ్ళలు కాంతి దప్పియుండెను. ఇది యెవరో వాడి యమ్మినది గాఁబోలునని జకరయ్య సందేహింపఁగా నంగడివాఁడు నవ్వెను.

"కొత్తదే సార్. ఫ్యాక్టరీలనే ఇట్ల గీకి, అరగదీసి పంపిస్తరు. పాతగ కనవడాలె గద! ఇప్పుడు దీనికే గిరాకి ఎక్కువ."

యౌవనమునకై ముసలివారు జుట్టునకు రంగు వేయు లోకమున క్రొత్తవస్తువునకు ముసలితనము పూయువారును గలరని యతఁ డా దినముననే యెఱిఁగెను. ధ్వని పెంచు యంత్రమునకుఁ దగిలింపకయే మొదట నొకదానిని బిదప నొకదానిని దీసికొని గిటారు కొమ్మునకు గడ్డ మానించి లావుతీఁగను మీటి యా కంపనము దవుడయెముకలోనుండి చెవికి వచ్చునట్లు విని చూచెను. పిదప యంత్రమునకుఁ దగిలించి వాయించెను. కన్నులు మూసికొని యేదైన నొకటి చేతి కిమ్మని యంగడివాని వేఁడి వాయించెను. మధ్యాహ్నభోజనము మఱచెను. ఎన్నివిధములఁ బరీక్షించినను రెంటికిని ధ్వనిలో నావగింజంత భేదమును లేదు. ఈ నిజ మతఁ డెఱుఁగును.

అయినను రెండవదానిని దొడమీఁదఁ బెట్టుకొన్నపుడెల్ల నతని ముంజేయి సరిగా నా యరిగిన చోటనే వ్రాలుచుండెను. ముప్పది యేండ్లు వాయించినను చెక్కపేళ్ళమీఁద నతని గుఱుతొక్కటియు నిలువలేదు. తానెన్నఁడును జూడని యే కార్ఖానాలోనో ముక్కు మొగ మెఱుఁగని యెవఁడో కూర్చుండి తన చేతి యరుగుదలను దనకొఱకే చెక్కి పంపినట్లు తోఁచి జకరయ్యకుఁ గన్నుల నీరు గ్రమ్మెను. ఇది పట్టుకొని నిలుచున్నచో నెవరికిఁగాని యీతఁ డొక జీవితకాలము వాయించినవాఁడని చెప్పకయే తెలియునుగదా యని యతనికి గర్వము కలిగెను. మనుష్యుఁడు తన కోరికకు న్యాయము వెదకికొనుటలో నాలస్యము చేయఁడు గావున, దీని మంద్రము కొంచెము కమ్మగానే యున్నదని తన్నుఁ దాను నమ్మించుకొని దానినే యెంచుకొనెను.

ఈస్టరునకు వారము ముందు వచ్చు మట్టలాదివారమునకు ముందటి సాయంకాలము శూన్యమైన మందిరమున దానిని దగిలించి యొక్కసారి వాయించెను. నేల దిగువనుండి వచ్చినట్లు గంభీరమై నిండైన యా నాదమునకుఁ గిటికీరెక్కలు సన్నగాఁ గంపించెను. జకరయ్య యెవ్వరును లేని బల్లలవంకఁ జూచి చిన్నపిల్లవానివలె నవ్వెను. అతని బ్రతుకున నిండుగా సంతోషించిన గడియ యదియే.

ఆ వెనుకనే విజయపాలు పాస్టరుగారితోఁ గూడ లోనికి వచ్చి గిటారు నెత్తి వెలుతురునకుఁ బట్టి చూచెను. చూచినంతనే యతని మొగము మాఱెను. పిలుపులోని బాబాయియు మాయమయ్యెను.

"ఏందిది జకరయ్యా? ఎవరో వాడి పడేసింది తెచ్చావేంది?"

అది క్రొత్తదియే యనియు నట్లు గీఁకుట యిప్పటి వేడుక యనియు నందుకే వెల హెచ్చనియు జకరయ్య తడఁబడుచు విన్నవించెను. చెప్పుచున్నకొలఁది నా మాటలు తన చెవికే కట్టుకథవలె వినఁబడెను. జేబులోని బిల్లు దీసి చూపఁగా విజయపాలు దానిఁ జేతఁ బట్టనైనఁ బట్టఁడయ్యెను.

"బిల్లుదేముంది, ఎట్టా కావాలంటే అట్టా రాసిస్తారు. గీకిన వస్తువుకి ఎక్కువిచ్చి కొనే వెర్రోడు ఎవడుంటాడు? చచ్చిపోయిన మా నాన్న పేరు మీద పాత సామాను ఇచ్చానని రేపు నలుగురూ నా మొహాన ఊస్తారు."

జకరయ్య ప్రమాణము చేసి చెప్పఁదలఁచెను. పాతది కొని సొమ్ము మిగుల్చుకొనెనను నట్టి దొంగతనపు నింద నతఁడెన్నఁడును బడినవాఁడు గాఁడు. కాని నోరు తెఱచినంతనే యా నేరేడుపండు నిగ్గు గిటారు కన్నులయెదుట నిలిచెను. మెఱయునది యున్నదా యని యడిగిన నున్నదనవలెను. దానిని విడిచి దీని నేల తెచ్చితివని యడిగినచో నేమని చెప్పును? నా చేతి గుఱుతు దానిమీఁదఁ గనఁబడెనని చెప్పుటకంటె దొంగ యనిపించుకొనుటయే నయమని యతనికిఁ దోఁచెను. తల వంచి యూరకుండెను. ఆ మౌనమును వారు నేరము నొప్పుకొనుటగా నెంచిరి. అట్లెంచుట లోకమునకు సులభము.

పండుగపూఁట కలహ మేలని తలఁచిన పాస్టరుగారు మధ్యవర్తి యయ్యెను. "పోనీ విజయ్ బాబూ, ఎవరి తప్పో దేవుడికి తెలుసు. మంచి రంగేయించామంటే ఈ గొడవే ఉండదు. ఏం జకరయ్యా?" అని యడుగఁగా జకరయ్య తల యూఁపెను. తన వాద్యమునకు మరణశాసనము దానే వ్రాసికొన్నట్లయ్యెను.

మోటారుకార్ల సొట్టలు దీసి రంగు వేయు షెడ్డునకు గిటారు పంపఁబడెను. ఆ షెడ్డువాఁడు కడు శ్రద్ధగలవాఁడే. తనకుఁ దెలిసిన పని తాను లోపము లేక చేసెను. అరిగిన చోట్లను లప్పముతోఁ బూడ్చి గరుకు కాగితముతో నునుపు చేసి క్రొత్త కార్లకు వేయు నెఱ్ఱని రంగును పూఁతమీఁద పూఁతగాఁ జిమ్మెను. పట్టుకొనెడి మెడకును వార్నీషు పట్టించెను. తీఁగల యెత్తు సవరించెడి మరలు సైతము రంగులో మునిఁగి బిగిసిపోయెను. ఆ పిమ్మట ముంజేయి యానెడి చోట బంగరునీటితో "కీ.శే. ఆశీర్వాదము మాస్టరుగారి జ్ఞాపకార్థము" అని వ్రాయించిరి. పండుగకు ముందునాఁడు జకరయ్య పోయి చూచునప్పటికి నది యొక కారుతలుపు ప్రక్కఁ దీఁగకు వ్రేలాడుచు నారుచుండెను. దానిని ముట్టుకొనకుండఁగనే తిరిగి వచ్చెను.

పండుగనాఁడు తెల్లని గుడ్డ తొలఁగింపఁగానే మందిర మెల్లఁ జప్పట్లతో నిండెను. ప్రార్థన ముగిసినది, పాట మొదలైనది. జకరయ్య మొదటి స్వరము మీటెను. తీఁగలు మెట్లకుఁ దాఁకి రేకుడబ్బాలో గులకరాళ్ళవలె గరగరలాడెను. వార్నీషుమెడకు బొటనవ్రే లంటుకొని జరుగ నొల్లకుండెను. పండుగపాటను దన చేతితోఁ జెఱుపనేల యని సిగ్గుపడి యతఁడు శబ్దపు గుండీని మెల్లఁగాఁ ద్రిప్పి మూసివేసెను. వ్రేళ్ళుమాత్రము యథాప్రకారముగా నాడుచుండెను.

ఇఁక నెవరైనఁ జూతురని యతఁడు వేచియుండెను. మ్రోఁగునపుడు విననివా రైనను మ్రోఁత యాఁగినపుడైనఁ దెలిసికొందురు గదా యని పాడువారి మొగములు చూచెను; డ్రమ్ములు వాయించువానిఁ జూచెను; పిమ్మట వరుసవరుసగా బల్లలన్నియుఁ జూచెను. కీబోర్డు వాయించువాని యెడమచేయి క్రిందిస్వరములను నొక్కుచుండఁగా నదియే చాలి పాట హాయిగా సాఁగిపోవుచుండెను. రెండవ పాటయు నట్లే ముగిసెను. మూఁడవ పాటలో జకరయ్య చూచుట మానివేసెను.

ఆరాధన ముగియఁగానే విజయపాలు వేదిక యెక్కి వచ్చి యతని రెండు చేతులును బట్టుకొనెను.

"చూశావా బాబాయ్, రంగేయించాక సౌండు ఎంత నిండుగా వచ్చిందో! నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో."

"నిజమే బాబూ. ఇంతకు ముందు ఇట్టా లేదు," అని జకరయ్య బదులు చెప్పెను.

ముప్పది యేండ్లుగాఁ జెక్కపేళ్ళమీఁద మోపిన నింద యెంత యన్యాయమో యతనికి నాఁడు తెలిసెను. వాద్యము మాఱిన వినువారు పుట్టుదురనుకొనుటయే యతఁడు చేసిన తప్పు. ఎఱుఁగక మిగిలియున్న యాశకంటె నెఱిఁగి పోయిన యాశ మనుష్యుని శీఘ్రముగా ముసలివానిఁ జేయును. జకరయ్య మాత్రము మందిరము మానలేదు. ప్రతి యాదివారమును వేళ కరుదెంచి యెఱ్ఱని గిటారు నెత్తుకొని గుండీ మూసియే పాటలన్నియు నొక్క స్వరమును దప్పక వాయించుచుండెను. ఆ యేఁటి సంఘవార్షికోత్సవమున ముప్పది యేండ్ల సంగీతసేవకై యతనికి శాలువ కప్పిరి. అందఱును లేచి నిలిచి చప్పట్లు కొట్టిరి. ఆ చప్పట్లు మాత్రము వెనుక బల్లలవఱకును జక్కఁగా వినఁబడెను.