డెమో ఇల్లు

మా బావమరిది నాగేంద్రబాబు దృష్టిలో లోకంలో రెండే రకాల ప్రాణులున్నాయి. మందు కొట్టవలసినవి, మందు కొనవలసినవి. చిలకలూరిపేట మెయిన్ రోడ్డులో అతనికి పురుగుమందుల షాపుంది. తెగులు సోకిన మిరపాకు పట్టుకుని రైతు వస్తాడు. నాగేంద్రబాబు ఆ ఆకుని చూడడు. ఆ నెల ఏ కంపెనీ టార్గెట్ మిగిలిపోయిందో గోడ మీద చూస్తాడు. చూసి, మూడు డబ్బాలు బల్ల మీద పెట్టి, "మూడూ ఒకే ట్యాంకులో కలిపి కొట్టు" అంటాడు. పంట నిలిస్తే అతని మందు గొప్పది. పోతే ఆ ఏడు వాతావరణం బాగాలేదు.

పోయిన ఏడాది షాపులో సగం ఖాళీ చేసి పెంపుడు జంతువుల సామాను కూడా పెట్టాడు. ఎడమవైపు పత్తికి పట్టే గులాబీ పురుగు మందులు, కుడివైపు కుక్క బిస్కెట్లు, మధ్యలో అతను. ఎటు తిరిగినా అదే నవ్వు.

కుడివైపు సరుకులో అమ్ముడుపోనిదంతా నా ఇంటికి వచ్చేది. మే నెలలో కుక్కకి ఊలు స్వెట్టరు తెచ్చాడు. ఆ వారం పేటలో రోడ్డు మీది తారు చెప్పులకి అంటుకుంటోంది. పిల్లికి పూల వాసన వేసే ఇసుక తెచ్చాడు. పిల్లి ఒకసారి వాసన చూసి, నన్ను చూసి, తులసికోట వెనక్కి వెళ్లిపోయింది. పిట్టలకి లైట్లు వెలిగే అద్దం తెచ్చాడు. చేపలకి 'మూడ్' మార్చే నీలం దీపం తెచ్చాడు. చేపల మూడ్ సంగతి నాకు తెలియదు గాని, దీపం పెట్టిన దగ్గర్నుంచి రెండూ రాయి వెనక దాక్కున్నాయి. తీసేశాకే బయటికి వచ్చాయి.

ఈ జంతువుల్లో ఏదీ నేను కొని తెచ్చుకున్నది కాదు. కర్రోడు అనే నల్ల కుక్క నేను మేనేజరుగా చేసిన కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర పుట్టాడు. నేను రిటైరైన రోజు నా స్కూటరు వెనకే నడిచి వచ్చేశాడు. దూది అనే తెల్ల పిల్లి జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ల మధ్య దొరికింది. లవ్‌బర్డ్స్ జంటా, చేపల తొట్టీ తుళ్లూరు నుంచి వచ్చాయి. నా స్నేహితుడు పేరయ్య పొలం రాజధానికిచ్చి ఫ్లాటులోకి మారుతూ, "పొలమే ఇచ్చేశాను, వీటినీ నువ్వే ఉంచుకోరా" అన్నాడు. ఇక కోడిపెట్ట కూర కోసం వచ్చింది. ఆ రోజే మా ఆవిడ సుబ్బరావమ్మని ఆసుపత్రిలో చేర్చాం. ఆమె లేకుండా ఇంటికి తిరిగి వచ్చేసరికి పెట్ట ఇంకా పెరట్లో తిరుగుతోంది. కోయబుద్ధి కాలేదు.

వీటి అవసరాలు చిన్నవి. కుక్కకి అన్నం, గుడ్డు. పిట్టలకి కొర్రలు. పిల్లికి వాగు ఇసుక జల్లించి పోసిన తట్ట. పెరట్లో నీళ్ల మూకుడు ఒకటే, కాని తాగే వరస ఉంది. ముందు పెట్ట తాగాలి, కర్రోడు తన వంతు వచ్చేదాకా నిలబడతాడు. పడుకునేటప్పుడు దూది వెళ్లి కర్రోడి పొట్టకి ఆనుకుంటుంది. ముసలి కుక్క పొట్ట మీద పిల్లి గురక పెడుతుంటే నాకు నిద్ర పడుతుంది. సుబ్బరావమ్మ పోయాక చాలాకాలం నాకు నిద్రే లేదు.

ఈ వానలకి కర్రోడికి పిడుదులు పట్టాయి. చెవుల్లో, వేళ్ల సందుల్లో రక్తం తాగి బలిశాయి. పొద్దున నేను దువ్వెనతో తీసి సబ్బునీళ్లలో వేసేవాణ్ణి. మధ్యాహ్నం కర్రోడు వరండాలో పడుకుంటే పెట్ట వచ్చి, చెవి దగ్గర ఒక్కొక్కటే ఏరుకుని తినేది. అతను కన్ను కూడా తెరిచేవాడు కాదు.

నాగేంద్రబాబు ఒకరోజు అది చూశాడు.

"ఏంది బావా ఇది? పిడుదులు తియ్యటానికి కోణ్ణి పెట్టుకున్నావా? జీతమెంతిస్తున్నావేంది?"

"గుప్పెడు గింజలు."

"పెట్టుకుంటే పెట్టుకున్నావులే గాని, ఇది చూడు." సంచిలోంచి ఒక డబ్బా తీశాడు. దాని పేరు పంచకవచం. పైన కుక్క, పిల్లి, చిలక, చేప, కుందేలు పెళ్లి ఫోటోకి నిలబడినట్టు నిలబడి నవ్వుతున్నాయి. చేప కూడా నవ్వుతోంది. కింద 'సకల జీవుల ఇంటికి ఒకటే రక్షణ' అని ఉంది.

నేను కళ్లజోడు పెట్టుకుని డబ్బా వెనక్కి తిప్పాను. చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, ఇది కుక్కలకు మాత్రమే, పిల్లులకు ప్రమాదం, చేపల తొట్లకు దూరంగా ఉంచాలి అని రాసి ఉంది.

"ఒరేయ్, ముందువైపు అందర్నీ పేరంటానికి పిలిచి, వెనకవైపు చంపేశాడురా వీడు."

"అది లాయర్లు రాయించేది బావా. పత్తి మందు డబ్బా మీద పుర్రె బొమ్మ ఉండట్లా? రైతులేమన్నా చస్తున్నారా?"

మా ప్రాంతంలో ఎవరూ అడగకూడని ప్రశ్న అది. అతను నవ్వుతూ అడిగాడు. డబ్బా తిరిగి అతని చేతికిచ్చేశాను.

"అయినా పిల్లికెందుకు పూస్తాం? కుక్కకే గదా. పక్క చేలో పత్తికి కొడితే నీ చేలో మిరప చస్తదా?"

"చేలకి మధ్యలో గట్టుంటుంది. వీటి మధ్య ఏముంది? పిల్లి పడుకునేది కుక్క మీద. కోడి తినేది కుక్క మీద. ఆ కుక్క ఒళ్లు విదిలిస్తే తుంపర పడేది చేపల తొట్టిలో. ఈ ఇంట్లో ఒకళ్లకి పూస్తే అందరికీ పూసినట్టే. వద్దు."

"నీకు చదువు ఎక్కువైంది బావా" అని నిట్టూర్చి, అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. మందుల కంపెనీలు రోడ్డు పక్క చేను ఒకటి ఎంచుకుని, తమ మందు కొట్టి, బోర్డు పాతి, దారినపోయే రైతులకి చూపిస్తాయి. దాన్ని డెమో ప్లాటు అంటారు. నాగేంద్రబాబుకి ఇప్పుడు డెమో ఇల్లు కావాలి. డబ్బా మీది ఫోటోలో కుందేలు తప్ప మిగతా అందరూ కాపురముంటున్న ఇల్లు ఊళ్లో నాదొక్కటే. టార్గెట్ అందుకుంటే కంపెనీ అతన్ని బ్యాంకాక్ తీసుకెళ్తుంది.

"వద్దన్నానా?"

"సరే బావా, సరే."

సరే అంటే అతని భాషలో నువ్వు ఇంట్లో లేనప్పుడు అని అర్థం. అది నాకు తెలిసి ఉండవలసింది.

మర్నాడు మధ్యాహ్నం కొర్రలు తేవడానికి బజారుకి వెళ్లి వచ్చేసరికి గేటుకి పచ్చటి రేకు బోర్డు వేలాడుతోంది. 'పంచకవచం డెమో గృహం. యజమాని: శ్రీ జానకిరామయ్య గారు'. నా పేరు కింద చిలక బొమ్మ. వరండాలో కర్రోడి వీపు నూనె రాసినట్టు మెరుస్తోంది. ఆ వీపు మీద గడ్డం ఆనించి దూది నిద్రపోతోంది. పక్కనే కుర్చీలో నాగేంద్రబాబు, 'చికిత్సకు ముందు' ఫోటో కంపెనీకి పంపించి, 'చికిత్స తర్వాత' కోసం ఎదురుచూస్తున్నాడు.

నేను దూదిని ఎత్తుకున్నాను. పొట్ట మీద బొచ్చు జిగటగా ఉంది. కర్రోణ్ణి పెరట్లో కట్టేశాను. పెట్టని గంప కింద మూశాను. చేపల తొట్టి మీద గుడ్డ కప్పాను.

"ఏందా కంగారు? ఏమన్నా బాంబు పెట్టానా?" అన్నాడు నాగేంద్రబాబు.

ముందు దూది చెవి ఒకటి ఈగ వాలినట్టు అదిరింది. ఈగ లేదు. కాసేపటికి తడిలో కాలు పెట్టినట్టు ముందరి పాదం విదిలించుకుంది. ఆ తర్వాత చర్మం కింద ఏదో పరుగెత్తుతున్నట్టు ఒళ్లంతా వణకడం మొదలైంది. దిగి నడవబోయి పక్కకి ఒరిగిపోయింది. నోటి వెంట చొంగ.

"కారు తియ్యి" అన్నాను. నా గొంతు విని అతను తాళాలు తీసుకుని పరుగెత్తాడు. అతని కారు నిండా పురుగుమందు వాసన. అద్దాలన్నీ దించి, దూదిని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. పంచకవచం డబ్బా జేబులో వేసుకున్నాను.

పశువుల డాక్టరు ఎలీసమ్మ గారు అప్పుడే తాళం వేస్తున్నారు. తువ్వాల్లోకి ఒకసారి తొంగిచూసి, ఏమీ అడక్కుండా తాళం తీశారు. ఆ తాళం తీసిన చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది.

బల్ల మీద పడుకోబెట్టగానే, "ఏమైంది? ఏమన్నా తిన్నదా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే నాగేంద్రబాబు అందుకున్నాడు. "బల్లిని తినుంటదండీ. బావగారింట్లో బల్లులు జాస్తి."

నేను అతని వైపు చూశాను. అతనివి అచ్చం వాళ్లక్క కళ్లు. ఆ కళ్లు బల్ల మీద కొట్టుకుంటున్న పిల్లిని దాటి, గోడ మీద కాలెండర్లో ఆవుని చూస్తున్నాయి. ఇన్నేళ్లుగా మందు వల్ల ఏది ఎండిపోయినా వాతావరణం మీదకి తోసినవాడు, ఇవాళ బల్లి మీదకి తోశాడు. పిల్లి పోయినా పరవాలేదు, డెమో పోకూడదు.

"బల్లి కాదండీ. ఇది కుక్కకి పూశాడు. పిల్లి దాని మీద పడుకుంది" అని డబ్బా ఆమె చేతికిచ్చాను.

ఆమె బొమ్మ వైపు చూడనేలేదు. నేరుగా వెనక్కి తిప్పి చదివారు. నాకు అప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది.

"బల్లి అనుకుని కడుపులో విషం కోసం వెతుకుతూ కూర్చుంటే, ఒంటిమీది మందు అలాగే లోపలికి దిగుతుండేది. ఎవరండీ ఆ బల్లిని చూసింది?"

నాగేంద్రబాబు ఆవుని ఇంకా శ్రద్ధగా చూశాడు.

"మీరే. ఇటు రండి. గ్లవ్స్ వేసుకుని పట్టుకోండి."

ఒక ఇంజెక్షన్ ఇచ్చి, వణుకు కాస్త నెమ్మదించాక, గోరువెచ్చని నీళ్లతో, అంట్లు తోమే సబ్బుతో ఆమె దూదిని కడిగారు. మళ్లీ మళ్లీ కడిగారు. దూది తడిసి ఎలుకంత అయింది. అయినా ఆ స్థితిలోనూ గ్లవ్స్ పైన, నాగేంద్రబాబు మోచేతి మీద నాలుగు గోళ్లూ దించింది. "అమ్మో, చంపేసిందండీ!" అని అరిచాడు. "చావరు లెండి, తగిలింది చర్మానికే" అన్నారు డాక్టరు గారు.

"పొద్దున దాకా ఏమీ చెప్పలేను" అని నాతో అన్నారు. తర్వాత పిడుదుల సంగతి అడిగితే ఇలా చెప్పారు. "మీ ఇంటికి ఒంటికి పూసే మందేదీ పనికిరాదు. ఇకమీదట కుక్కకి బరువుని బట్టి మాత్ర ఇస్తాను. లోపలికి పోతుంది, బయట అంటదు. అది పడుకునే గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి, గోడ బీటలు పూడ్చండి. ముందు ఆ మందు వదిలేలా కుక్కని కడగండి. అంతవరకూ పిల్లిని, కోడిని దగ్గరికి రానివ్వకండి."

పొద్దున వెళ్లేసరికి దూది గిన్నెలో నీళ్లు తాగుతోంది. తల ఇంకా కొంచెం ఊగుతోంది. నీళ్లు సగం గడ్డానికే అంటుతున్నాయి. అయినా తాగుతోంది.

ఇంటికి తెచ్చి గదిలో పెట్టాను. కర్రోణ్ణి కడిగాను, మర్నాడూ కడిగాను. నీళ్లంటే పారిపోయేవాడు, గోడకి తల ఆనించి నిలబడి కడిగించుకున్నాడు. తర్వాత వెళ్లి గది తలుపు బయట పడుకున్నాడు. తలుపు కింద సందులోంచి ఒక తెల్ల పాదం బయటికి వచ్చి, గాలిలో వెతికి, లోపలికి వెళ్లింది.

ఆదివారం నాగేంద్రబాబు కంపెనీ మనిషి కోటేష్‌ని వెంటపెట్టుకుని వచ్చాడు. మోచేతికి ప్లాస్టరు. ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"చూశావా బావా, ఒక్క పిడుదు లేదు!" అన్నాడు కర్రోడి చెవి తిప్పి చూపిస్తూ.

"సార్, రెండు ముక్కలు చెప్పండి చాలు. ఊరంతా చూస్తది" అని కోటేష్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

నాగేంద్రబాబు నా చెవి దగ్గరికి వచ్చాడు. "ఈ ఒక్కటీ చెప్పు బావా. అక్కే ఉంటే నాకోసం చెప్పేది."

"అక్కే ఉంటే నీ రెండో మోచెయ్యి కూడా మిగిలేది కాదురా" అన్నాను. ఫోను వైపు తిరిగి చెప్పాను. "మందు బాగా పనిచేసింది. పిడుదులన్నీ పోయాయి. వాటితోపాటు మా పిల్లి కూడా పోబోయింది. ఇంట్లో పిల్లి, కోడి, చేపలు లేనివాళ్లు, పిల్లలు కుక్కని ముద్దు చెయ్యనివాళ్లు, తామూ ముట్టుకోనివాళ్లు నిశ్చింతగా వాడుకోవచ్చు."

కోటేష్ ఫోను దించాడు. నాగేంద్రబాబు ఒక్క క్షణం ఆలోచించి, "ఏం పర్లేదు, ఎడిట్ చేయించు" అన్నాడు.

సాయంత్రానికి ఊళ్లోవాళ్ల ఫోన్లన్నిట్లో నేనే. తెల్ల చొక్కాలో, ప్రశాంతంగా, పెద్దమనిషి తరహాలో, "మందు బాగా పనిచేసింది. పిడుదులన్నీ పోయాయి" అంటున్నాను. అంతటితో సంగీతం మొదలైంది.

బోర్డు పీకి కోళ్లగూటి మీద తిరగేసి కప్పాను. వాన అక్కడే కారుతుండేది. మర్నాటి సాయంత్రం దూదిని గదిలోంచి వదిలాను. అది కర్రోణ్ణి ముక్కు నుంచి తోక దాకా వాసన చూసింది. సబ్బు వాసన నచ్చినట్టు లేదు. చుట్టూ ఒకసారి తిరిగి, చివరికి ఏదో దయతలచినట్టు అతని పొట్టకి ఆనుకుని పడుకుంది. పెట్ట కూడా గూట్లోకి వెళ్లింది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని మెయిన్ రోడ్డుకి వెళ్లాను.

నాగేంద్రబాబు షాపు ముందు రైతులు కూర్చునే బల్ల ఉంది. దాని మీద కూర్చున్నాను. లోపల్నుంచి ఒకాయన పంచకవచం డబ్బా చేత్తో పట్టుకుని వచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు. "అరే, వీడియోలో మీరే గదండీ! బాగా పనిచేసిందన్నారు!"

"పని చేసిందండీ. మీ ఇంట్లో పిల్లుందా?"

"మాకు లేదండీ. పక్కింటోళ్లది రోజూ వస్తది. మా కుక్క పక్కనే పడుకుంటది."

నేను డబ్బా వెనక్కి తిప్పి, నా కళ్లజోడు తీసి ఆయనకిచ్చాను. ఆయన చదివాడు. నెమ్మదిగా లోపలికి వెళ్లాడు. డబ్బా బల్ల మీద పెట్టిన చప్పుడు బయటికి వినిపించింది.

మరో ఇద్దరు వచ్చారు. మరో రెండు డబ్బాలు వెనక్కి వెళ్లాయి. నాగేంద్రబాబు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"టీ తాగి ఇంటికి పో బావా."

"టీ తెప్పించు, తాగుతాను."

"రోజూ వచ్చి ఇట్టాగే కూచుంటావా ఏంది? నీకు ఇంటి దగ్గర పనేం లేదా?"

చొక్కా మీద ఒక తెల్ల వెంట్రుక కనబడితే తీశాను.

"ఏముందిరా, అన్నీ నిద్రపోతున్నాయి" అన్నాను.