చెవులయ్య ఒడి

కనకమ్మ సత్రం ఊరు దాటి బస్సు దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఎదురుగా చెవులయ్య కొండ. తిరుత్తణి కొండ పక్కన పెడితే అది గుట్ట కిందే లెక్క. కానీ మెట్లు లేవు కాబట్టి ఎక్కేవాళ్ళ మోకాళ్ళకు మాత్రం కొండే.

కమలమ్మ కూతురు ఇంద్రాణి చెయ్యి పట్టుకుని ముందు నడిచింది. వెనక పులిహోర గిన్నె మోస్తూ భర్త కోదండరామ, తిరువళ్ళూరులో బడిపంతులు. ఆయన వెనక అత్త రంగనాయకమ్మ, అడుగుకొక నిట్టూర్పు, నిట్టూర్పుకొక చురక. అందరికంటే చివర కమలమ్మ పుట్టింటి వాడుక కంసాలి నాగలింగం ఆచారి. సత్రం దగ్గర బస్సెక్కి వాళ్ళతో కలిశాడు. చెవులు కుట్టే సూది ఆయన సంచిలో ఉంది.

కొండ మీద నల్లరాతి విగ్రహం ఒకటుంది. బాసిపట్టు వేసుకుని, కళ్ళు సగం మూసుకుని ఉంటుంది. చెవి తమ్మెలు భుజాల దాకా జారి ఉంటాయి. పైన కప్పు లేదు, చుట్టూ గోడ లేదు. పోయిన సంవత్సరం దేశమంతా రెండున్నర వేల ఏళ్ళ బుద్ధ జయంతి జరిగినప్పుడు ఎవరో పెద్దమనుషులు వచ్చి, ఆయన బుద్ధ భగవానుడని అరవంలో రాసిన పలక ఒకటి నాటి వెళ్ళారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ పలకకు కూడా పసుపు పూసి బొట్టు పెట్టారు. వాళ్ళకు ఆయన ఎప్పటికీ చెవులయ్యే. మేనమామ ఒడిలో కూర్చోబెట్టనిదే బిడ్డకు చెవులు కుట్టకూడదు కదా. అన్నదమ్ములు లేని ఆడవాళ్ళు తమ బిడ్డలను ఈ రాతి ఒడిలో కూర్చోబెట్టి కుట్టిస్తారు. అంత పొడుగు చెవులున్నవాడికంటే ఆ పనికి తగినవాడెవడు?

కమలమ్మకు అన్న ఉన్నాడు. చిక్కంతా అదే.

నాలుగేళ్ళ కిందట తిరుత్తణి పక్క పల్లెలో నాయన పోయేనాటికి ఆమె పచ్చి బాలింత. తల్లి లేని పిల్ల కాబట్టి కాన్పు అత్తింట్లోనే జరిగింది. ఇంద్రాణి పుట్టి ఎనిమిది రోజులు. నాయన పోయిన కబురు ఆమెకు అంతా అయిపోయిన మూడోనాడు గానీ అందలేదు. రైలెక్కితే గంట దూరం. అన్న వెంకటపతి ఒక మనిషిని పంపలేకపోయాడు. పురుడు వెళ్ళగానే ఆమె పుట్టింటికి పోయి, గడప బయటే నిలబడి, "నాయన ముఖం కూడా చూడనీలేదు నువ్వు. ఇంక నీ గడప నేను తొక్కను, నా గడప నువ్వు తొక్కొద్దు" అని చెప్పి వచ్చేసింది. వెంకటపతి తల వంచుకుని నిలబడ్డాడే గానీ ఒక్క మాట బదులు చెప్పలేదు. ఆ మౌనమే ఆమెను ఎక్కువ మండించింది. తప్పు లేనివాడైతే నోరు తెరిచి చెప్పడూ?

ఇప్పుడు బిడ్డకు ఐదో ఏడు నడుస్తోంది. ఇది దాటితే సరి సంవత్సరం, చెవులు కుట్టడానికి పనికిరాదు.

"ఉండే అన్నను లేడని చెప్పేదానికి ఇంత కొండ ఎక్కుతాండాము. పుణ్యం యాడికన్నా పోనీ, పాపం రాకుంటే చాలు" అంది రంగనాయకమ్మ, ఒక బండ మీద కూలబడి.

"నాకు వాడు లేనట్టే అత్తా" అంది కమలమ్మ.

కోదండరామకు ఈ గొడవలో దూరడం ఇష్టం లేదు. మాట మార్చాడు. "అయినా ఆయన బుద్ధుడమ్మా. పెండ్లాన్నీ పసిబిడ్డనూ వదిలేసి అడివికి పోయినాయన. ఆయన్ని పట్టుకొని మేనమామ అంటారే!"

"అందుకేరా! తన బిడ్డను ఎత్తుకోలేదు కాబట్టే ఊళ్ళో పిలకాయలనంతా ఒళ్ళో పెట్టుకొని కూచోనుండాడు. చేసింది ఊరికే పోతుందా?" అంది తల్లి. పంతులుగారు పులిహోర గిన్నె ఇంకో చేతికి మార్చుకుని ఎక్కసాగారు.

పైకి చేరేసరికి గాలి చల్లగా కొట్టింది. రాతి ఒడి నున్నగా ఉంది, ఎంతమంది పిల్లలు కూర్చుని అరగదీశారో. ఇంద్రాణి భయపడకుండా ఎక్కి కూర్చుంది. విగ్రహం చెవి పట్టుకుని చూసి, "ఈ తాతకు కమ్మలేవీ?" అని అడిగింది.

నాగలింగం మాత్రం సంచి విప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. సూది తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. చివరికి, "కమలమ్మా, ఈడ పద్ధతి తెలుసు కదా. మోకాలి మీద చెయ్యి పెట్టి మూడు తూర్లు చెప్పాల. మూడోది చెప్పినాక మళ్ళీ వెనక్కి తీసుకొనేదానికి లేదు" అన్నాడు.

కమలమ్మ రాతి మోకాలి మీద చెయ్యి వేసింది. "నాకు తోడబుట్టినవాడు లేడు. నువ్వే నా బిడ్డకు మేనమామవి." మొదటిసారి గొంతు గట్టిగానే పలికింది. రెండోసారి 'తోడబుట్టినవాడు' అన్న మాట దగ్గర తడబడింది. మూడోసారి నోరు తెరవబోతుండగా విగ్రహం వీపు వెనక ఎవరో దగ్గారు.

ఆ దగ్గు ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

వెంకటపతి లేచి ఇవతలికి వచ్చాడు. తిరుత్తణి వైపు దోవన ఎప్పుడో ఎక్కి అక్కడ కూర్చున్నట్టున్నాడు. జుట్టు చాలా నెరిసింది. చేతిలో చిన్న పొట్లం.

"ఎందుకొచ్చినావు?" అంది కమలమ్మ.

"నీ గడప తొక్కలేదమ్మా. ఈడ గడప లేదు కదా" అన్నాడు అతను మెల్లగా. "కమ్మలు తెచ్చినా. అవి ఇచ్చేసి పోతా. మూడోది కూడా చెప్పేయి, బిడ్డకు ఎండ తగల్తాది."

"చెప్పబాకమ్మా!" నాగలింగం సూది కింద పెట్టేశాడు. "నేనే రమ్మని కబురు పెట్టినా. ఇంక నా నోరు కట్టుకోలేను."

"ఆచారీ, గమ్మునుండు" అన్నాడు వెంకటపతి.

"నాలుగేండ్లు గమ్మునుంటి, చాలు. అమ్మా, ఆ పొద్దు మీ నాయనకు పోయే ముందు నోట్లో వేసే బంగారు రవ్వ కోసం నన్ను పిలిచినారు. పోయి చూస్తే ఆయనకు ఇంకా తెలివుండాది. మీ అన్న నీ కోసం బండి కట్టిస్తాండాడు. పెద్దాయన వద్దన్నాడు. 'అది పచ్చి బాలింత. వానలో తీసుకొస్తే నా కంటే ముందు అది పోతాది. అంతా అయిపోయినాక చెప్పు' అని ఈయన చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. నా కండ్లతో చూసినా."

కమలమ్మ అన్న వైపు తిరిగింది. నాలుగేళ్ళుగా పెంచుకున్న కోపం ఒక్క నిమిషంలో ఎక్కడికి పోతుంది? "ఆ పొద్దే నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

వెంకటపతి పొట్లాన్ని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. "నా మీద కోపమైతే ఎప్పుడో ఒకనాడు తీర్తాది. నేను యాడికి పోతా? పోయినాయన మీద కోపం వస్తే నువ్వు యాడికి పోయి తీర్చుకుంటావు?"

కమలమ్మ మళ్ళీ ఆ రాతి మోకాలి మీద చెయ్యి పెట్టింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. "నాకు అన్న ఉండాడు. ఇంతసేపూ అబద్ధం చెప్పినా, నన్ను మన్నించు సామీ" అంది. అని, బిడ్డను రాతి ఒడిలోంచి ఎత్తి, విగ్రహం పాదాల ముందు చతికిలబడిన అన్న ఒళ్ళో కూర్చోబెట్టింది.

"ఆమా! ఇప్పుడు సరిపోయింది" అంది రంగనాయకమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

నాగలింగం చెయ్యి వాటమైన చెయ్యి. రెప్పపాటులో ఒక చెవి, ఇంకో రెప్పపాటులో రెండోది. ఇంద్రాణి కొండ దద్దరిల్లేట్టు ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే కమలమ్మకు కూడా ఏడుపు ఆగలేదు. బాలింతగా ఉన్నప్పుడు పాలు ఎండిపోతాయని అత్త ఏడవనివ్వలేదు, తర్వాత కోపం ఏడవనివ్వలేదు. అన్న భుజం మీద తల ఆనించి, "నాయనా, నాయనా" అంటూ గట్టిగా ఏడ్చేసింది. వెంకటపతి ఒక చేత్తో మేనకోడల్నీ ఇంకో చేత్తో చెల్లెల్నీ పట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి అతనికి చెయ్యి మిగల్లేదు.

తనకంటే గట్టిగా ఎవరో ఏడుస్తున్నారని తెలిసి ఇంద్రాణి ఠక్కున ఆగిపోయింది. తల్లి చెవులు రెండూ జాగ్రత్తగా చూసింది. వాటికి కమ్మలున్నాయి, రక్తం లేదు.

"అమ్మా, నీకు యాడ కుట్టినాడు?" అని అడిగింది.