అడ్డొచ్చిన మనిషి

మా ఆయనకి మనుషులు అడ్డం. కోపంతో అంటున్న మాట కాదు. ఏ పాత ఫోటోలోనైనా వెనక విమానం ముక్క కనిపించిందంటే చాలు, ముందున్నవాళ్ళ మీద బొటనవేలు పెట్టి మూసేస్తారు. పెళ్ళికొడుకైనా సరే, పెద్ద హోదాలో ఉన్నాయనైనా సరే. "ఈయనెవరో సరిగ్గా చక్రం దగ్గరే నిలబడ్డాడు, నా ఖర్మ!" అని విసుక్కుంటారు.

ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక విమానాలు. ఎవరెవరి అటకల మీదో దొరికిన ఫోటోల్లో పేరు తెలియని పాత విమానాలుంటాయి. వాటి పేర్లు తేల్చడానికి ఫోన్లో ఒక గుంపు ఉంది. తోక చూసి చెప్పేవాళ్ళు కొందరు, కిటికీలు చూసి చెప్పేవాళ్ళు కొందరు. గుంపుకి పెద్దదిక్కు ఒక రిటైరైన బస్సు డ్రైవరు, అందరూ ఆయన్ని తోకల తాతయ్య అంటారు. పేరు తేలిన రోజు మా ఆయనకి పట్టపగ్గాలుండవు. నేను దర్జీని. ఎప్పుడో విరిగిపోయిన విమానానికి ఇప్పుడు పేరు తెలిస్తే ఎవరికి ఒరిగేదేముంది అనుకునేదాన్ని.

మొన్న అత్తయ్య బీరువా అరల్లో కాగితాలు మారుస్తుంటే అట్టడుగు నుంచి ఒక ఫోటో బయటపడింది. ఇంకా రంగు కూడా వేయని విమానం, దాని మీద అక్షరం ముక్క లేదు. ముందు ఒక మనిషి, చేతిలో పానా. టోపీ నీడ సగం మొహాన్ని మింగేసింది. మా ఆయన ఫోటో లాక్కుని, అలవాటు ప్రకారం ఆ మనిషి మీద వేలు పెట్టేశారు.

"ఎవరమ్మా ఈయన, సరిగ్గా తలుపుకి అడ్డంగా?"

"మా చిన్నాన్నరా" అంది అత్తయ్య.

"మరి ఇంత లోపల దాచారేం అత్తయ్యా?" అన్నాను.

అప్పుడు చెప్పింది. ఆమె తండ్రీ, చిన్నాన్నా ఒకే షెడ్డులో విమానాలు బాగుచేసేవాళ్ళట. ఇద్దరూ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవాళ్ళట. ఆమె పాకే వయసులోనే తండ్రి పోయాడు. ఫోటో ఒక్కటీ లేదు. కొన్నాళ్ళకి షెడ్డులో పనిచేసే స్నేహితుడొకడు "ఇదిగోనమ్మా మీ ఆయన" అని వాళ్ళమ్మకి ఇది తెచ్చిచ్చాడు.

"మా అమ్మ ముందు సంతోషపడిందట. తర్వాత చూస్తే పానా కుడిచేతిలో ఉంది. మా నాన్నది పుర్రచెయ్యి. కుడిచేత్తో పానా పట్టిన పాపాన పోలేదు. ఆయన కాదు, మా మరిది అని పక్కన పడేసింది. నాకే పారేయబుద్ధి కాలేదు."

అత్తయ్యదీ పుర్రచెయ్యే. నా కత్తెరతో ఆమెకి గుడ్డ ఎప్పుడూ సరిగ్గా తెగదు. "ఆ చెయ్యి మీ నాన్నదే" అని వాళ్ళమ్మ అంటుండేదట. తండ్రి నుంచి ఆమెకి మిగిలింది అదొక్కటే. ఫోటోని మళ్ళీ బీరువాలో పెట్టబోతుంటే ఆమె మొహం చూడలేకపోయాను.

మా ఆయన మాత్రం విమానాన్ని వదలలేదు. ఫోటోకి ఫోటో తీసి గుంపులో పెట్టారు. "తోక నాకు తెలుసు. చిన్న కంపెనీ, పట్టుమని పది విమానాలు చేయకుండానే మూతపడింది. కానీ దానికి తలుపు ఒక్కటే, అదీ ఎడమవైపే. మీ దాంట్లో కుడివైపు ఉంది. కాబట్టి ఇది అది కాదు" అని తోకల తాతయ్య తీర్పిచ్చేశాడు. ఇంకేం, కుడివైపు తలుపున్న విమానం కోసం గుంపంతా తలలు బద్దలుకొట్టుకుంది. అలాంటిది ఉంటే కదా దొరకడానికి!

ఒకరోజు సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నా కుట్టుమిషను దగ్గర నిలబడ్డారు.

"ఇవాళ ఒక ఎక్స్‌రే తిరగేసి తగిలించానే. రోగి గుండె కుడివైపు కనిపించింది. నా గుండె ఆగినంత పనైంది."

"అయితే?"

"ఆ ఫోటో కూడా తిరగబడి ఉంటే? కడిగినవాడు ఫిల్ము తిరగేసి పెట్టుంటే?" గొంతు తగ్గించారు. "అప్పుడు తలుపు ఎడమకి వెళ్తుంది. పానా కూడా ఎడమచేతిలోకి వెళ్తుంది."

మిషను ఆపేశాను. "మరి చెప్పరేం అత్తయ్యకి?"

"ఒక్క తలుపుని నమ్ముకుని ఎలా చెప్పను? ఒక్క విమానానికి కుడివైపు పెట్టారేమో, ఎవరు చూశారు? ఔనని చెప్పాక కాదని తేలితే, అమ్మకి వాళ్ళ నాన్న రెండోసారి పోతాడు."

ఆయన అంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు. నాకూ భయమేసింది. ఆయన చేత బీరువాలోంచి ఫోటో తెప్పించాను. అప్పుడు కూడా ఆ మనిషి మీద వేలే!

"ముందు ఆ వేలు తీయండి" అని కసిరి, భూతద్దం పెట్టి చూశాను. మొహం నాకేం తెలుస్తుంది? చొక్కా చూశాను. ఒంటిజేబు కుడివైపు ఉంది. కాజాపట్టీ చూద్దును కదా, ఆడవాళ్ళ జాకెట్టుకి కుట్టినట్టు ఎదురువైపు ఉంది.

"ఏమండీ, నేనింతవరకు ఏ మగవాడి చొక్కాకీ కుడివైపు ఒంటిజేబు కుట్టలేదు. ఏ దర్జీ కుట్టడు. కుట్టినా కాజాలు కూడా తిప్పి కుట్టడు. విమానం ఒకవేళ తేడాగా చేశారే అనుకుందాం, చొక్కా కూడానా?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు ఫోటోని తిప్పి, పెద్దదిగా అచ్చువేయించి తెచ్చారు. అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

"అమ్మా, ఇదిగో తాతయ్య" అన్నారు. తలుపు సంగతి ఆయన చెప్పారు, చొక్కా సంగతి నేను చెప్పాను. ఆమె రెండోది వింటున్నట్టు కూడా లేదు. పానా పట్టిన ఎడమచేతినే చూస్తోంది.

"ఎంత చిన్నవాడురా! నీకంటే చిన్నవాడు" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

మా ఆయనకి ఏడుపొస్తే మాటలు ఎక్కువవుతాయి. "ఈ విమానం ఎవరికీ దొరకనిదమ్మా, తోక చూడు, ఇలాంటి తోక ఇంకెక్కడా..." అని మొదలుపెట్టారు.

అత్తయ్య ఎడమచేతి బొటనవేలు విమానం మీద పెట్టి తోకదాకా మూసేసింది.

"ఉండరా, అడ్డొస్తోంది" అంది.

మా ఆయన మాట మధ్యలో ఆపేసి, తల్లి పక్కన కింద కూర్చుని, మొదటిసారి ఆ మనిషిని చూశారు.