మూడో వీణ

ఆ గది తలుపు పల్చటి ప్లైవుడ్‌ది కావడం మంగ అదృష్టం. లోపల మాట్లాడేదంతా బయట బెంచీ మీదకి చక్కగా వినపడుతోంది.

నారాయణగూడలో కొత్తగా తెరుస్తున్న రక్తపరీక్షల సెంటర్ అది. కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగం ఒక్కటే ఉంది. అశోక్‌నగర్ బస్తీ నుంచి గణేశ్, సంజన, మంగ ముగ్గురూ దానికే వచ్చారు. ముగ్గురూ రత్నమాల మేడం శిష్యులే. రిటైరైన ఆ లెక్చరర్ ఆదివారాలు చిక్కడపల్లిలోని తన ఇంటి మేడ మీద పిల్లల్ని కూర్చోబెట్టి, బ్యాంకు ఖాతా వాడకం నుంచి ఇంటర్వ్యూల దాకా అన్నీ ఓపిగ్గా నేర్పుతుంది. మంగ తల్లి బీరమ్మ మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ఇక్కడ ఇటుకలు మోస్తోంది. ఈ ఉద్యోగం రాకపోతే వచ్చే వారం నుంచి డిగ్రీ చదివిన మంగ కూడా ఇటుకల పనికి పోవాల్సిందే.

"నీ గురించి చెప్పు బాబూ," అంది లోపల, సెంటర్ పెడుతున్న డాక్టరమ్మ.

గణేశ్ గడగడా అందుకున్నాడు. "మాది సంప్రదాయ కుటుంబం. తీరిక వేళల్లో వీణ వాయిస్తాను."

మంగ బెంచీ మీంచి దిగ్గున లేచింది. పొద్దున్నుంచి తను వల్లె వేస్తున్నదీ అదే! నిన్న సాయంత్రం మేడం, "మీ పరిచయం ఇలా ఉండాలి, నమూనాకి నాది పంపుతున్నా," అని ముగ్గురికీ ఫోన్‌లో పెట్టింది. ఒకటో తరగతి నుంచి గైడు బట్టీ పట్టి గట్టెక్కిన పిల్లలు మరి! నమూనా అంటే పొల్లు పోకుండా అప్పజెప్పాల్సిందే అనుకున్నారు. గణేశ్ జన్మలో వీణ ముట్టుకుంటే ఒట్టు.

వాడు బయటికొచ్చి, "మస్తు చెప్పిన," అని మీసం దువ్వాడు. సంజన లోపలికెళ్లింది. ఆమె కూడా వీణే వాయించింది. లోపల నవ్వులే నవ్వులు.

మంగ వరండా చివరికి పరుగెత్తి ఫోన్ చేసింది.

"మేడం, కొంప మునిగింది! గణేశ్ వీణ వాయించిండు, సంజన గూడ వాయించింది!"

"అయ్యో రాత! అది నా గురించి కదే! నువ్వు వీణ ఊసెత్తకు."

"మరి ఏం జెప్పాలె? నాకేమొస్తది మేడం?"

"ఈ మధ్య ఎవరికి ఏం సాయం చేశావో అది చెప్పు. నీ మాటల్లోనే చెప్పు."

అంతలోనే లోపలి నుంచి పిలుపొచ్చింది. మంగ ఫోన్ సంచిలో వేసుకుని లోపలికెళ్లింది.

డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంది. "నువ్వూ వీణేనా?"

"లేదు మేడం. నేను చాయ్ మాన్పిస్త."

"ఏమిటీ?"

"మా బస్తీల ఎవరికి షుగర్ టెస్టున్నా నేనే తోలుకపోత. ఏం తినకుండ రమ్మంటే నిజంగనే తినరు. చాయ్ తాగి వస్తరు. చాయ్ తిండి కాదు గద అంటరు మేడం! రక్తం తీయకుండ మల్లి రేపు రమ్మంటరు, ఆ రోజు కూలి పాయె. అందుకే నేను ముందురోజే ఇంటింటికి పోయి చెప్త, చాయ్ గూడ వద్దు అని."

డాక్టరమ్మ బల్ల మీద చరిచింది. "మా పాత సెంటర్లో రోజూ ఇదే గోలమ్మా! ఇక్కడికొచ్చేవాళ్లకీ ఇలాగే చెప్తావా?"

"ఫోన్ చేసి మరీ చెప్త!"

"అయితే సోమవారం వచ్చెయ్."

మంగకు ఎగిరి గంతేయాలనిపించింది. మెట్ల దాకా ఆగి, అక్కడ నిజంగానే గంతేసింది. గణేశ్, సంజన ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. ఉద్యోగం రాలేదన్న బాధ ఉన్నా ముందు నవ్వే వచ్చింది.

ఆదివారం మేడ మీద కాలు పెట్టగానే మంగను చుట్టుముట్టారు పిల్లలు. ఇంటర్ చదివే అనిత అప్పుడే ఫోన్ తెరిచి కూర్చుంది. "మంగక్కా, నువ్వు చెప్పింది గ్రూపుల పెట్టవా? బట్టీ పడత."

మేడం నొసలు కొట్టుకుంది. మంగ ఫక్కున నవ్వింది.

"అస్సలు పెట్ట. నువ్వు జెప్పు, ఇయ్యాల పొద్దుగాల ఎవరికేం జేసినవ్?"

"నేనా? ఏం లేదక్కా. మా తాతకు పింఛన్ పడ్డదో లేదో ఫోన్ల చూసి చెప్పిన. మా గల్లీల ముసలోళ్లందరికి నేనే చూస్త. గంతే."

మంగ ఆమె చేతిలోని ఫోన్ తీసి పక్కన పెట్టింది.

"ఇప్పుడన్నవు గద, గదే మల్లొకసారి జెప్పు. నిలబడి జెప్పు."