సమ్మెలో మా మామగారి సర్వీసు

బస్సుల సమ్మె మొదలైన రోజు పొద్దున్నే రవాణా మంత్రిగారు టీవీలో కనిపించి, నడక గుండెకి ఎంతో మంచిదని సెలవిచ్చారు. కారు దిగుతూ చెప్పారు కాబట్టి ఆయన గుండె సంగతి నాకు తెలియదు. నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు మేనేజరు ఇంకా దయగలవాడు. "బస్సు లేదని సెలవు అడక్కండి, కాళ్ళున్నాయిగా" అని మెసేజ్ పెట్టాడు.

మా ఇంట్లో అసలు బెంగంతా కాళ్ళ గురించే. మా మామగారు సిటీబస్సు డ్రైవరు. రిటైరైన రోజు ఇంటికొచ్చి కిటికీ పక్కన కుర్చీలో కూలబడ్డారు. భోజనానికీ పడకకీ తప్ప మళ్ళీ లేవలేదు. ఇలాగే కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయనీ, తర్వాత లేద్దామన్నా లేవలేరనీ డాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. అత్తయ్య బతిమాలింది. మా ఆయన కేకలేశాడు. నేను కొత్త బూట్లు కొనిపెట్టాను. అవి కూడా ఆయనలాగే బుద్ధిగా కుర్చీ దగ్గర కూర్చున్నాయి.

ఆ పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే మామగారు కుర్చీలోంచే అడిగారు.

"ఎలా వెళ్తావమ్మాయ్?"

"నడిచే మామయ్యగారూ."

"నీకు రూటు తెలుసా?"

రోజూ వెళ్ళే షాపే గానీ, బస్సెక్కగానే కునుకు తీసే అలవాటు నాది. "సగం దారి నిద్రలోనే పోతుంది, ఏం తెలుస్తుంది!" అని నోరుజారాను. అంతే. డాక్టరూ భార్యా కొడుకూ కలిసి లేపలేని మనిషి లేచి బూట్లు తొడుక్కున్నారు. అత్తయ్య తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"సమ్మెలో బండి తియ్యకూడదు గానీ, కాళ్ళు తియ్యొచ్చు," అన్నారాయన.

నేను తెగ సంబరపడ్డాను, మొదటి మలుపు దాకా. సందులోంచి పోతే షాపు దగ్గరేనని పక్కింటావిడ చెప్పింది. ఆ సందు చూపించాను.

"అందులో బస్సు పట్టదు," అన్నారు.

"మన దగ్గర బస్సు లేదు మామయ్యగారూ."

"లేకపోతే? రూటు మార్చేస్తామా?"

వన్‌వే చుట్టూ తిప్పారు. మార్కెట్ వెనకనించి తిప్పారు. ఎప్పుడో పూడ్చేసిన గొయ్యి కోసం పెట్టిన డైవర్షన్ మీదుగా కూడా తిప్పారు. పైగా ప్రతి స్టాపులోనూ ఆగడం, వెనక్కి ఓసారి చూడడం, కాసేపు నిలబడి అప్పుడు కదలడం.

"ఎవరూ ఎక్కరు మామయ్యగారూ," అన్నాను పళ్ళు కొరుకుతూ.

"ఎక్కరని నువ్వెలా చెప్తావ్?"

ఆయన నోటి చలవ, ఎక్కారు. రాని బస్సు కోసం నిలబడ్డ ఒక నర్సు, ఆయన వాలకం చూసి, "పెద్దాయనా, ఆసుపత్రి వైపేనా?" అంది. "పోతుంది, రండి," అన్నారు మామగారు. తర్వాతి స్టాపులో ఒక టైలరూ, ఆ పై స్టాపులో బ్యాంకు గుమస్తాలూ కలిశారు. టికెట్టు లేదు, సీటు లేదు, రోడ్డంతా ఖాళీ. అయినా వెనకవాళ్ళు "కాస్త ముందుకి జరగండి" అంటూ ముందువాళ్ళని తోస్తూనే ఉన్నారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు.

నాకు టైము దాటిపోయి ఒళ్ళు మండుతుంటే, మామగారు ఒక సెలూన్ ముందు ఆగారు. అది స్టాపు కూడా కాదు. గుమ్మంలో ఉన్న ముసలాయన కేసి చెయ్యెత్తారు. ఆయనా అలవాటుగా చెయ్యెత్తి, తర్వాత కత్తెర పక్కన పెట్టి ఎగాదిగా చూశాడు.

"ఓరి, నువ్వా! సీట్లో అంత ఎత్తుగా కనబడేవాడివి, ఇంత పొట్టోడివా?"

"నువ్వు మాత్రం? దూరంనించి నీకు జుట్టుందనుకున్నాను!"

మామగారు పకపకా నవ్వారు. నేను కాపురానికొచ్చాక ఆ నవ్వు వినడం అదే మొదలు. సర్వీసు చేసినన్నాళ్ళూ ఇద్దరూ రోజూ చేతులూపుకున్నారట. మాట మాత్రం ఎప్పుడూ కలవలేదు. అక్కడ బస్సు ఆపకూడదు మరి.

"ఈ రోడ్డు మీద నేనెప్పుడూ దిగలేదమ్మాయ్," అన్నారు సిగ్గుపడుతూ.

ఆ పక్కనే బేకరీ. ఇన్నేళ్ళూ వాసన మాత్రమే పీల్చిన బన్ను ఆ రోజు వేడివేడిగా తిన్నారు, నాకూ పెట్టారు. నర్సూ టైలరూ ఓపిగ్గా ఆగారు. డ్రైవరు టీకి దిగితే ఆగడం వాళ్ళకి కొత్తా? నా కోపం ఎటు పోయిందో తెలియదు. నాకు చాలా సంతోషమేసింది.

షాపుకి ఆలస్యంగానే చేరాను. మేనేజరు ఇంకా రాలేదు. కాళ్ళున్నాయి గానీ, కారు పెట్రోలు బంకు క్యూలో ఇరుక్కుపోయిందట.

సమ్మె సాగినన్నాళ్ళూ మా సర్వీసు నడిచింది. మామగారి అడుగులో బలం వచ్చింది. అత్తయ్య డాక్టరుకి ఫోన్ చేసి, అంతా తన బతిమాలుడు మహిమేనని చెప్పుకుంది. చర్చలు విఫలమయ్యాయని వార్త వచ్చినప్పుడల్లా ఊళ్ళో సంతోషించింది నేనూ, బంకువాళ్ళూ మాత్రమే.

ఎంత చెడ్డా ప్రభుత్వం కదా, ఒక పొద్దున చర్చలు ఫలించనే ఫలించాయి. నేను గబగబా టీవీ కట్టేసి వెనక్కి తిరిగాను. మామగారు బూట్లు వేసుకుని, కుర్చీలో కూర్చుని ఉన్నారు. లేవడం లేదు.

"బస్సులు తిరుగుతున్నాయా అమ్మాయ్?"

ఈ పూట కూర్చుంటే ఈయన ఇక లేవరు.

"ఎక్కడ మామయ్యగారూ! ఇంకా ఏం తేలలేదట," అన్నాను.

ఆయన ఒక్క క్షణం నావైపు చూసి, లేచారు.

వీధి మలుపు దాటామో లేదో, వెనకనించి హారన్ మోగింది. నిద్రలో లేపి అడిగినా అది ఏ బండిదో చెప్పగల మనిషి మా మామగారు. బస్సు వచ్చి సరిగ్గా మా పక్కనే ఆగింది. లోపల జనం కిటకిటలాడుతున్నారు. తలుపు దగ్గర వేలాడుతూ కండక్టరు "ఎక్కండి, ఎక్కండి" అని గొంతు చించుకుంటున్నాడు.

మామగారు తల కూడా తిప్పలేదు.

"అది డిపోకి పోయే బండి. ఎవర్నీ ఎక్కించుకోదు," అన్నారు. "పద అమ్మాయ్, టైమవుతోంది."